ఆటగాడి బలం ఎక్కడ తయారవుతుంది?

"మాస్టారూ, పిల్లలకి జిమ్ సామాను కొనిపెట్టాలనుకుంటున్నాను. ఏమేం కావాలో ఒక కాగితం మీద రాసివ్వండి" అని పోయిన ఏడాది ఒక పెద్దమనిషి అడిగారు. మంచి మనసున్న మనిషి. రెండు లక్షల దాకా ఖర్చు పెట్టడానికి సిద్ధంగా ఉన్నారు. ఇరవై తొమ్మిదేళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసినవాణ్ణి కాబట్టి ఆ కాగితం పది నిమిషాల్లో రాసివ్వాలి. మూడు రోజులు పట్టింది. తీరా ఇచ్చిన కాగితంలో ట్రెడ్‌మిల్ లేదు, మెరిసే మెషీన్లు లేవు. మొదటి వరుసలో "వారానికి నాలుగు సాయంత్రాలు తప్పకుండా వచ్చే కోచ్" అని ఉంది. రెండో వరుసలో "ఆట అయ్యాక గుడ్లు, పాలు, వేయించిన శనగలు". మూడో వరుసలో "రెండు వందల పేజీల నోటుబుక్కులు, పిల్లకొకటి". ఇనుము సంగతి నాలుగో వరుసలో వచ్చింది.

ఆయన చదివి, "ఇదేంటి మాస్టారూ, నేను అడిగింది జిమ్ కదా!" అన్నారు. ఆ సాయంత్రం చాయ్ తాగుతూ ఆయనకు చెప్పిన జవాబునే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను. క్రీడాకారులైన పిల్లలకు చేయూతనివ్వాలనుకునే దాతలకు, తమ డబ్బు దేనికి పోవాలో, ఏడాది చివర ఏం అడగాలో తెలియడానికి ఇది పనికొస్తుందని ఆశ.

మొదట ఒక సంగతి తేల్చుకోవాలి. బలం వ్యాయామం చేసే సమయంలో రాదు. ఆ సమయంలో బలం తగ్గుతుంది. నమ్మకం లేకపోతే ఒక కుర్రాడి చేత వరసగా ఇరవై దండీలు తీయించి, వెంటనే ఇంకో ఇరవై తీయమనండి. తీయలేడు. కండరం అలసింది, లోపలి నారపోగులు అక్కడక్కడ దెబ్బతిన్నాయి, నిల్వ ఉన్న శక్తి ఖర్చయింది. ఆ తర్వాత వాడు ఇంటికి వెళ్లి తిని పడుకుంటే, శరీరం ఆ దెబ్బను బాగుచేస్తుంది. బాగుచేసేటప్పుడు, మళ్లీ అంత పని మీద పడొచ్చునన్న ముందుజాగ్రత్తతో, మునుపటికంటే కొంచెం గట్టిగా కడుతుంది. ఆ "కొంచెం" పేరే బలం. ఒత్తిడికి జీవి ఎలా స్పందిస్తుందో, ఎలా సర్దుకుంటుందో, ఒత్తిడి మితిమీరితే ఎలా కుంగిపోతుందో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త 1936లో వివరించాడు. ఆయన ఆ ప్రయోగాలు చేసింది ఎలుకల మీద. క్రీడా శిక్షకులు ఆ ఆలోచనను తమ పనికి అన్వయించుకున్నారు.

ఎంత పని పెట్టాలి, ఎలా పెంచాలి అన్నదానికి తొలి లెక్క ఒక సైనిక ఆసుపత్రి నుంచి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో మోకాళ్లు దెబ్బతిని వచ్చిన అమెరికా సైనికులకు థామస్ డెలార్మ్ అనే యువ వైద్యుడు చికిత్స చేసేవాడు. తేలికపాటి కదలికలు ఎక్కువసార్లు చేయించడం అప్పటి పద్ధతి. కుర్రతనంలో పెద్ద జబ్బు చేసి, బరువులెత్తి కోలుకున్న అనుభవం డెలార్మ్‌ది. ఆయన ఎదురు దారిలో వెళ్లాడు. మనిషి సరిగ్గా పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువేదో కనుక్కున్నాడు. కొన్నేళ్ల అనుభవంతో ఆ పద్ధతిని మూడు సెట్లకు కుదించాడు. మొదటి సెట్టులో ఆ బరువులో సగం, రెండోదాంట్లో ముప్పావు, మూడోదాంట్లో పూర్తి బరువు. పదిసార్లు సులువుగా వస్తే బరువు పెంచడం. అంతే. నెలల తరబడి మంచం పట్టాల్సినవాళ్లు త్వరగా లేచి నడిచారు. ఇవాళ ఏ జిమ్‌కి వెళ్లినా "మూడు సెట్లు, పది సార్లు" అని వినిపిస్తుందే, దాని పుట్టిల్లు అది.

మన తాలింఖానాల్లో ఉస్తాదులకు ఇది తెలియదని కాదు. కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి మొదటి రోజే గద పట్టనిచ్చేవారు కాదు. బస్కీలు, దండీలు రోజుకు కొన్ని చొప్పున పెంచుకుంటూ వెళ్లేవారు. నేర్పే మనిషి ఎదురుగా ఉండి కుర్రాడి ముఖం చూసి లెక్క వేసేవాడు. ఇప్పుడు ఇనుము వచ్చింది, మనిషి పోయాడు. అదే నా బాధ.

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో నాకు స్వయంగా తెలుసు. 1990ల చివర్లో నా దగ్గర పదిహేనేళ్ల కుర్రాడొకడు ఫుట్‌బాల్ ఆడేవాడు. కుడి వింగ్‌లో వాడు బంతి అందుకుంటే గట్టున కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. జిల్లా సెలక్షన్లు మూడు వారాలున్నాయనగా వాడికి దమ్ము చాలడం లేదని నాకనిపించింది. రోజూ మూడు కిలోమీటర్లు పరిగెత్తేవాడి చేత రెండు వారాల్లో ఎనిమిది కిలోమీటర్లు పరిగెత్తించాను. అదీ సిమెంటు రోడ్డు మీద, అరిగిన కాన్వాస్ బూట్లతో. మోకాలి కింద ముందు ఎముక నొప్పిగా ఉందన్నాడు. "ఆటగాడివి, ఓర్చుకోవాలి" అన్నాను. వారం తర్వాత వాడు కుంటుతూ వచ్చాడు. డాక్టరు చూసి ఎముకలో సన్నని చీలిక వచ్చిందన్నారు. కింద పడలేదు, ఎవరూ తన్నలేదు. చాలినంత విశ్రాంతి లేకుండా అదే చోట పదేపదే భారం పడితే ఎముక అలా చీలుతుంది. సెలక్షన్లు పోయాయి. కాలు నయమైంది గానీ వాడు మళ్లీ మైదానానికి రాలేదు. వాళ్ల నాన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే అది ఇంకా గుచ్చుకుంటూ ఉంటుంది.

కాబట్టి ప్రణాళిక అంటే కసరత్తుల జాబితా అనుకోకండి. ఎంత భారం పెట్టాం, ఎప్పుడు తీశాం, మధ్యలో పిల్లవాడు ఏం తిన్నాడు, ఎంతసేపు పడుకున్నాడు అన్న లెక్క అది.

ఆట నుంచి మొదలుపెట్టాలి

లెక్క వేసే ముందు ఆట ఏం అడుగుతుందో చూడాలి. పెద్ద స్థాయి ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఒక ఆటగాడు పది నుంచి పన్నెండు కిలోమీటర్ల దూరం తిరుగుతాడు. అందులో ఎక్కువ భాగం నడక, నెమ్మది పరుగు. పూర్తి వేగంతో ఉరికేది చిన్న భాగమే, కానీ గోలు పడేదీ, తొడ వెనక కండరం పట్టేసేదీ అక్కడే. రోజూ ఉదయం ఒకే వేగంతో ఐదు కిలోమీటర్లు పరిగెత్తించే కోచ్ ఆ చిన్న భాగానికి కుర్రాణ్ణి సిద్ధం చేయడం లేదన్నమాట. బాక్సింగ్‌లో మూడేసి నిమిషాల రౌండ్లు మూడు, మధ్యలో నిమిషం విరామం. ఆ ఒక్క నిమిషంలో గుండె దడ ఎంత దిగుతుందన్నదే అక్కడ దమ్ము. కబడ్డీలో కూతకు వెళ్తే ముప్పై సెకన్లు. పట్టు, నడుము, తొడలు, ఊపిరి అన్నీ ఆ ముప్పై సెకన్లలో కావాలి. ముగ్గురికీ ఒకే కసరత్తు రాసిచ్చే కాగితం దేనికీ పనికిరాదు.

ఈ విషయంలో మన హైదరాబాద్‌కు గొప్ప వారసత్వం ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన హయాంలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. అప్పటికే ఆయన్ను క్యాన్సర్ పీడిస్తోంది. మరుసటి ఏడాది చనిపోయారు. బంతిని కాళ్ల దగ్గర ఆడిస్తూ కూర్చునే అలవాటు మాన్పించడానికి డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలూ, బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలూ ఆయన పెట్టించేవారని ఆ తరంవాళ్లు చెప్పుకునేవారు. ఆ రోజుల్లో జిమ్ ఎక్కడిది? ఆటలో లోపం ఎక్కడుందో చూసి, ఆ లోపానికి సరిపడే సాధనను తయారుచేశారు. ప్రణాళిక రూపొందించడం అంటే అదే.

ఒక వారం ఇలా ఉండొచ్చు

మాటలు చాలు, ఒక ఉదాహరణ చూద్దాం. పదహారేళ్ల అమ్మాయి, ఫుట్‌బాల్ ఆడుతుంది, ఆదివారం మ్యాచ్. సోమవారం పూర్తి విశ్రాంతి. మంగళవారం బలం కోసం నలభై ఐదు నిమిషాలు, తర్వాత కాసేపు బంతితో ఆట. బుధవారం పరుగు. పదిహేను సెకన్లు వేగంగా పరిగెత్తి పదిహేను సెకన్లు నడవడం, అలా పదిసార్లు. నాలుగు నిమిషాలు ఆగి మళ్లీ పదిసార్లు. ఆపైన చిన్న జట్లుగా ఆట. గురువారం విశ్రాంతి. శుక్రవారం సాయంత్రం మళ్లీ బలం, కానీ మంగళవారం చేసినదాంట్లో సగం. శనివారం అరగంట మాత్రం, రెండు మూడు చిన్న ఉరుకులు, సెట్ పీసుల సాధన, ఇంటికి. నాలుగు సాయంత్రాల కోచ్ అని నేను రాసింది ఇందుకే.

బలం రోజున చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. కూర్చుని లేవడం, అంటే మన బస్కీయే, ఛాతీకి ఇసుక సంచి హత్తుకుని. నడుము నిటారుగా ఉంచి నేలమీది బరువును లేపడం. దండీలు. కడ్డీ పట్టుకుని పైకి లాక్కోవడం, రాకపోతే కింద ఒకరు కాళ్లు పట్టుకోవడం. ఒంటికాలితో మెట్టు ఎక్కి దిగడం. ఒక్కొక్కటి ఎనిమిదేసి సార్లు, మూడు సెట్లు. మొదటి ఆరు వారాలకు పాత బియ్యం సంచిలో పది కిలోల ఇసుక పోసి కుట్టుకుంటే చాలు. కదలిక శుభ్రంగా వచ్చాకే బార్‌బెల్. ఎప్పుడు ఆపాలి? "ఇంకో రెండుసార్లు చేయగలను" అనిపించినప్పుడే ఆపాలి. చేతులు వణికి, నడుము వంగి, పక్కనవాడు "ఇంకొకటి, ఇంకొకటి" అని అరుస్తుండగా చేసేది వీడియోలకు బాగుంటుంది. పిల్లలకు అది దెబ్బల దారి.

బరువులెత్తితే పిల్లలు పొట్టిగా ఉండిపోతారని చాలామంది తల్లిదండ్రులు భయపడతారు. తెలిసిన మనిషి పర్యవేక్షణలో, సరైన పద్ధతిలో చేస్తే ఎదుగుదల ఆగుతుందనడానికి ఆధారం లేదు. జాగ్రత్త పడాల్సింది వేరే చోట. అమ్మాయిలు పన్నెండేళ్ల ప్రాంతంలో, అబ్బాయిలు పద్నాలుగేళ్ల ప్రాంతంలో ఒక్కసారిగా పొడుగవుతారు. ఆ నెలల్లో ఎముక ముందు పెరుగుతుంది, కండ వెనకబడుతుంది. మోకాలి చిప్ప కింద బుడిపెలా లేచి నొప్పి చేస్తుంది. నిన్నటిదాకా బాగా ఆడిన పిల్లవాడు కాళ్లు తడబడుతుంటే బద్ధకం అనుకుని తిడతాం. నెలకోసారి గోడ మీద గీత గీసి పొడుగు కొలిచే కోచ్‌కు ఆ సంగతి ముందే తెలుస్తుంది. ఆ నెలల్లో దూకుళ్లు తగ్గించి, ఒడుపు నేర్పించుకుంటాడు.

నోటుబుక్కు దేనికంటే

కార్ల్ ఫోస్టర్ అనే అమెరికా క్రీడాశాస్త్రవేత్త చాలా తేలికైన పద్ధతి ఒకటి చూపించాడు. సాధన ముగిసిన అరగంటకు పిల్లవాణ్ణి "ఇవాళ ఎంత కష్టమనిపించింది?" అని అడగాలి. సున్నా నుంచి పది లోపు ఒక అంకె చెబుతాడు. ఆ అంకెను నిమిషాలతో గుణించాలి. అరవై నిమిషాల సాధనకు ఆరు అంటే 360. వారం మొత్తం కూడితే ఆ వారం భారం ఎంతో తెలుస్తుంది. ఈ వారం 1,500 ఉంటే వచ్చే వారం 1,650 అయితే ఫర్వాలేదు. 2,400 అయిందంటే కోచ్ తనను తాను ప్రశ్నించుకోవాలి. వారానికి పదోవంతుకు మించి పెంచొద్దన్నది బండగుర్తు మాత్రమే, కొందరు ఎక్కువ తట్టుకుంటారు, కొందరు అదీ తట్టుకోలేరు. మూడు వారాలు పెంచి నాలుగో వారం మూడోవంతు తగ్గించడం నాకు బాగా పనిచేసింది. నా ఫుట్‌బాల్ కుర్రాడికి ఈ లెక్క వేసి ఉంటే రెండో వారానికే ఆ అంకె నన్ను ఆపేది.

ఇంకో ఉపయోగం ఉంది. అదే పని, అదే సమయం, నిన్న ఐదు అన్న అమ్మాయి ఇవాళ తొమ్మిది అంటే ఏదో జరిగింది. జ్వరం కావచ్చు, నిద్ర లేకపోవచ్చు, ఇంట్లో గొడవ కావచ్చు, పొద్దుటినుంచి ఏమీ తిని ఉండకపోవచ్చు. ఏ మెషీనూ చెప్పదు ఆ సంగతి.

పరీక్షల కాలాన్నీ ఈ పుస్తకం కాపాడుతుంది. పదో తరగతి పిల్లలు మార్చి అంతా మైదానానికి రారు. రెండు మూడు వారాలు మానేస్తే దమ్ము తగ్గడం మొదలవుతుంది. కండబలం నెల దాకా చాలావరకు నిలుస్తుంది. తిరిగొచ్చిన రోజున పుస్తకం తెరిచి, పాత భారంలో సగంతో మొదలుపెట్టాలి. ఏప్రిల్ ఎండలో, నెల విశ్రాంతి తర్వాత పాత లెక్కతో మొదలుపెట్టడమే ఎక్కువ ప్రమాదాలకు కారణం. వేడికి శరీరం అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది.

ఇరవై నిమిషాల పని

దాతలకు నేను అందరికంటే ముందు చెప్పాలనుకున్నది ఈ సంగతే, వరస తప్పి ఇక్కడికి వచ్చింది. ఫిఫా వైద్య పరిశోధకులు 2006లో "ఎలెవెన్ ప్లస్" అని ఒక సన్నాహక వ్యాయామం తయారుచేశారు. నెమ్మది పరుగు, కాళ్లకూ నడుముకూ బలమిచ్చే కసరత్తులు, ఒంటికాలి నిలకడ, దూకి నేలమీద మెత్తగా దిగడం, వేగం, మలుపులు. మొత్తం పదిహేను అంశాలు, ఇరవై నిమిషాలు. నార్వేలో పదమూడు నుంచి పదిహేడేళ్ల మధ్య ఫుట్‌బాల్ అమ్మాయిలు 1,892 మంది మీద దీన్ని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. ఈ వ్యాయామం చేసిన జట్లలో మొత్తం గాయాలు దాదాపు మూడోవంతు తక్కువ. తీవ్రమైన గాయాలు సగానికి దగ్గరగా తగ్గాయి. దీనికి కావాల్సింది ఒక బంతి. ఖర్చు సున్నా. మరి మన మైదానాల్లో ఎందుకు కనిపించదు? నేర్పే మనిషి లేక, నేర్పినా పక్కనుండి "మోకాలు లోపలికి వంగుతోంది, సరిచేసుకో" అని చెప్పేవాళ్లు లేక. దూకి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వంగడం అమ్మాయిల్లో ఎక్కువ. మోకాలి లోపలి లిగమెంటు తెగడానికి అదొక దారి. ఆ లిగమెంటు ఆపరేషనుకు, ఆ తర్వాత తొమ్మిది నెలల విశ్రాంతికి అయ్యే ఖర్చుతో ఒక కోచ్‌ను చాలాకాలం పోషించొచ్చు.

తొడ వెనక కండరానికి ఇలాంటిదే ఇంకొకటి ఉంది. మోకాళ్ల మీద నిలబడాలి, వెనక ఒకరు చీలమండలు గట్టిగా పట్టుకోవాలి, శరీరాన్ని నిటారుగా ఉంచి నెమ్మదిగా ముందుకు వాలాలి. వాలడాన్ని ఎంతసేపు ఆపగలిగితే అంత. ఈ వ్యాయామాన్ని క్రమంగా చేసిన ఫుట్‌బాల్ జట్లలో ఆ కండరం గాయాలు దాదాపు సగానికి తగ్గాయని పలు అధ్యయనాలు చెప్పాయి. మొదటి వారం బాగా నొప్పులు పుడతాయి. అందుకే మొదట ఐదుసార్లతో ఆపాలి.

పళ్లెంలో ఏముంది?

శరీరాన్ని తిరిగి కట్టేది రాత్రి భోజనమూ నిద్రా అని చెప్పుకున్నాం. సాధన చేసే పిల్లలకు శరీర బరువులో కిలోకు గ్రామున్నర చొప్పున మాంసకృత్తులు కావాలి. యాభై కిలోల పిల్లకు రోజుకు 75 గ్రాములు. రెండు గుడ్లలో 12, పెద్ద గ్లాసు పాలలో 8, గుప్పెడున్నర వేయించిన శనగల్లో 10. అంటే సాధన తర్వాత మైదానంలోనే 30 గ్రాములు ఇవ్వగలం. మిగతాది ఇంట్లో పప్పు, పెరుగు, మాంసంతో సరిపోతుంది. డబ్బాల్లో వచ్చే పొడి అక్కర్లేదు. ఆ డబ్బా కొనే డబ్బుతో ఎన్ని గుడ్లు వస్తాయో లెక్క వేసుకోండి.

అమ్మాయిల విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. మన దేశంలో పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ల అమ్మాయిల్లో ప్రతి పదిమందిలో దాదాపు ఆరుగురికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అలాంటి పిల్లకు ఎన్ని పరుగులు పెట్టించినా దమ్ము పెరగదు. ఆయాసపడుతుంది, తిట్లు తింటుంది, మానేస్తుంది. సాధన మొదలుపెట్టే ముందు హీమోగ్లోబిన్ పరీక్ష చేయించడం బార్‌బెల్ కంటే చౌక. తక్కువుంటే డాక్టరు సలహాతో ఐరన్ మాత్రలు, ఇంట్లో కలీజా, ఆకుకూరలు, పప్పు, పైన నిమ్మరసం. భోజనం కాగానే చాయ్ తాగే అలవాటు మన ఇళ్లలో ఉంది. చాయ్ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు, గంటన్నర ఆగాలి. ఇంకొకటి, గట్టిగా సాధన చేస్తున్న అమ్మాయికి నెలసరి ఆగిపోతే "ఆటల్లో మామూలే" అని వదిలేయకూడదు. చేస్తున్న పనికి తిండి చాలడం లేదని శరీరం ఇస్తున్న కబురది. ఎముకలు బలహీనపడతాయి. ఈ మాట అడగగలిగే మహిళ ఒకరు శిక్షణ బృందంలో ఉండటం అవసరం. తల్లులు ఆ నమ్మకం ఉంటేనే పంపిస్తారు కూడా.

మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది. మధ్యలో 2017లో భుజం గాయం ఆమెను చాన్నాళ్లు రింగుకు దూరం చేసిన సంగతి చాలామందికి గుర్తుండదు. గాయం నుంచి తిరిగి రావడం కూడా ప్రణాళికలో భాగమే. ఆ సమయంలో పక్కన ఎవరుంటారన్న దాన్నిబట్టి కొందరు ఛాంపియన్లవుతారు, కొందరు నా వింగర్‌లా కనుమరుగైపోతారు.

రమజాన్ నెలలో

ఆ పెద్దమనిషి చివరగా అడిగింది ఇది. "మరి రోజాల్లో ఏం చేస్తారు మాస్టారూ? నెల మూసేస్తారా?" చాంద్రమాన సంవత్సరం పది, పదకొండు రోజులు చిన్నది కాబట్టి రమజాన్ ఏటా ముందుకు జరుగుతూ వస్తుంది. 2012 లండన్ ఒలింపిక్స్ రమజాన్‌లోనే జరిగాయి. బాస్కెట్‌బాల్ దిగ్గజం హకీం ఒలాజువాన్ 1995 ఫిబ్రవరిలో రోజాలుంటూనే ఆడి, ఎన్‌బీఏలో ఆ నెల ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. దాన్ని చూపించి పిల్లల్ని ఉరికించకండి. ఆయన వెనక వైద్యులు, ఆహార నిపుణులు ఉన్న జట్టు ఉంది.

నిజానికి నెల మూయక్కర్లేదు, లెక్క మారిస్తే చాలు. ఉపవాసం కంటే నిద్ర చాలకపోవడమే పిల్లల్ని ఎక్కువ దెబ్బతీస్తుందని నా అనుభవం. తరావీహ్ అయ్యేసరికి రాత్రి పొద్దుపోతుంది, సహరీకి మళ్లీ లేవాలి. కాబట్టి పని పరిమాణాన్ని మూడోవంతు, అవసరమైతే సగం తగ్గించాలి. ఎత్తే బరువును మాత్రం తగ్గించకూడదు. తక్కువ సార్లు, అదే బరువు. అలా చేస్తే నెల తర్వాత బలం ఎక్కడికీ పోదు. ఇఫ్తార్‌కు ముందు నలభై నిమిషాలు బంతితో ఒడుపు సాధన, ఆయాసం రాని స్థాయిలో. ఆ వెంటనే నీళ్లు, ఖర్జూరం దొరుకుతాయి గనుక ఆ సమయం మంచిది. వారంలో రెండు రాత్రులు తరావీహ్ తర్వాత అరగంట బలం. మధ్యాహ్నం బడి లేని రోజుల్లో ఖైలూలా, అంటే కాసేపు కునుకు. ఎండలో దూరపు పరుగులు పూర్తిగా బంద్. సహరీలో ఒట్టి సేమ్యాతో సరిపెట్టకుండా గుడ్డు, పెరుగు, రొట్టె. రోజా ఉండటం పిల్లవాడికీ, ఇంటివాళ్లకీ, వాళ్ల రబ్‌కీ సంబంధించినది. కోచ్ దాని జోలికి పోకూడదు. రోజా ఉన్నవాడికీ లేనివాడికీ ఆ నెలలో వేర్వేరు పేజీలు రాసుకోవడం మాత్రం కోచ్ పనే.

ఏడాది చివర దాత ఏం అడగాలి? కప్పులెన్ని వచ్చాయని అడుగుతాం. పక్క ఊరి జట్టు బలహీనంగా ఉన్న ఏడాది కప్పు వస్తుంది, దాంతో ఏమీ తెలియదు. జూన్‌లో చేరిన నలభైమందిలో ఫిబ్రవరికి ఎంతమంది మిగిలారో అడగండి. గాయాల వల్ల ఎన్ని రోజులు పోయాయో అడగండి. నిలబడి దూకిన దూరం, ముప్పై మీటర్ల పరుగు సమయం ఎనిమిది వారాలకోసారి కొలిచి రాస్తారు కదా, ఎంతమంది తమ పాత అంకెను తామే దాటారో అడగండి. జవాబులన్నీ నోటుబుక్కుల్లో ఉంటాయి. జవాబు తడుముకుంటే పుస్తకాలు రాయడం లేదని అర్థం.

ఆ పెద్దమనిషి చివరికి నా కాగితంలో మొదటి మూడు వరుసలూ ఒప్పుకున్నారు. కోచ్‌కు ఏడాది జీతం, గుడ్ల దుకాణంలో ఖాతా, నలభై నోటుబుక్కులు. నాలుగో వరుసకు ఒక బార్‌బెల్, అరవై కిలోల ప్లేట్లు, రెండు పుల్-అప్ కడ్డీలు, ఇసుక సంచులు కుట్టించడానికి దర్జీ కూలి. ఆయన నెలకోసారి సాయంత్రం వచ్చి గట్టున కూర్చుంటారు. పోయిన నెల ఒకమ్మాయి పుస్తకం అడిగి తీసుకుని, పేజీలు తిప్పి, "సెప్టెంబరు రెండో వారంలో అన్నీ ఎనిమిదులు, తొమ్మిదులు వేసిందేం మాస్టారూ?" అన్నారు. ఆ వారం ఆ పిల్లకు జ్వరం. కోచ్ మూడు రోజులు ఇంటికి పంపేశాడు, అదీ ఆ కింద గీతలో రాసి ఉంది. ట్రెడ్‌మిల్ గురించి మాత్రం ఆయన ఇంకా అప్పుడప్పుడు అడుగుతూనే ఉన్నారు.